లక్క ముద్ర వేసిన తూటా

నల్లచెలక ఊళ్లో మక్కకంకి ఎప్పుడు పాలు పోసుకుంటుందో వ్యవసాయశాఖ కన్నా ముందు అడవిపందులకు తెలుస్తుంది. ఇందులో శాఖను తప్పుపట్టడానికేమీ లేదు. పందులు చేలల్లో తిరుగుతాయి, శాఖ జీపులో తిరుగుతుంది. కిందటేడు లసుమవ్వ చేనును ఒక్క మందే ముగించేసింది. తిని పోతే పోనీ, వాటి కడుపైనా నిండిందిలే అనుకోవచ్చు. పంది అలా తినదు. ఒక్క కంకి కోసం పది కర్రలు పడదోస్తుంది, వాటిమీద పొర్లుతుంది, పొర్లాక ఆ కంకి నచ్చలేదని పక్క సాలుకు పోతుంది. తెల్లవారి గట్టుమీద నిలబడి చూస్తే చేనంతా చాప పరిచినట్టు ఉంది.

ఆ రోజే ఆమె మొగుడు రాజలింగు ఒక మాట అన్నాడు. ఇంకొక్క పంట ఇట్లాగే పోతే చెలకను జామాయిలు తోటవాళ్లకు ఇచ్చేసి, పట్నం పోయి ఏదైనా అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా కుదురుకుందామని. లసుమవ్వకు ఒళ్లు మండింది. "మన చేనుకు మనం కావలి కాయ చాతగాక, ఎవడో కట్టుకున్న మేడకు కావలి పోదామంటవా?" అంది. అనడానికైతే అంది గాని, ఈసారి కూడా పంట పోతే మొగుడికి ఎదురు చెప్పడానికి తన దగ్గర ఏ మాటా మిగలదని ఆమెకు తెలుసు. అందుకే ఈ వానాకాలం విత్తనం వేసిన నాటినుంచి ఆమె కళ్లు చేనుమీద, చెవులు గుట్టమీద ఉన్నాయి.

కంకి వేయకముందే ఆమె అటవీశాఖ రేంజరు సోమ్లా నాయక్ ఆఫీసు గడప అరగదీసింది. ఆయన మంచివాడు. మంచివాడు కాబట్టే ఏళ్ల తరబడి ప్రమోషన్ లేకుండా అక్కడే ఉన్నాడు. పందులను కొట్టడానికి ప్రభుత్వం అనుమతిచ్చిన షూటర్లలో ఒకాయనను పట్టి నల్లచెలకకు పంపించాడు.

ఆ షూటరు పేరు దేవదానం. రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు రైల్వే తరఫున రైఫిలు పోటీలకు వెళ్లి పతకాలు తెచ్చుకున్నాడు. ఆ పతకాల సంగతి అడగకపోయినా చెబుతాడు, అడిగితే మళ్లీ మొదటినుంచి చెబుతాడు. కాని ఆయన గొప్పలన్నిట్లోకి పెద్ద గొప్ప పతకాలు కావు, తూటాలు. ఆయన తూటాలు కొనడు. లైసెన్సు తీసుకొని, ఇంటి వెనకగదిలో చిన్న చేతిప్రెస్సు పెట్టుకొని, తానే తయారుచేసుకుంటాడు. మనకు తూటా అంటే ఒకటే ముక్క. ఆయనకు అది ఇత్తడి గొట్టం, అందులో మందు, దాని మూతిలో బిగించిన గుండు. ఆ గుండు గొట్టంలోకి ఎంత దిగి కూర్చోవాలన్నదే రిటైరయ్యాక ఆయన జీవితంలో మిగిలిన ఏకైక సమస్య.

మొదటి సాయంత్రం మంచె ఎక్కేముందు టీ తాగుతూ లసుమవ్వకు కూడా ఇదంతా విప్పి చెప్పాడు. ఫ్యాక్టరీవాళ్లు లోకంలోని రైఫిళ్లన్నిటికీ పట్టాలని గుండును కాస్త లోపలికే దించి బిగిస్తారట. ఆయన రైఫిలేమో తండ్రి చేతిది, లోపల గొంతు అరిగి సాగిపోయింది. అందులో ఫ్యాక్టరీ తూటా పెడితే గుండు తన దారి అందుకునేలోపు కొంతదూరం ఖాళీలో దూకాలి.

"ప్లాట్‌ఫారానికి, బండి మెట్టుకు నడుమ సందు ఎంత ఎక్కువుంటే ఎక్కెటోడు అంత తడబడతడు చెల్లె," అన్నాడు. "నేను గుండును వెంట్రుకంత బయటికి కూసోబెడుత. సందు లేకుండ ఎక్కుతది."

లసుమవ్వకు సగం అర్థమైంది. మిగతా సగం ఆ పొద్దుగూకే వేళ అర్థమైంది. ఒక్క దెబ్బకు మందలోని పెద్ద పంది పడింది. మిగతావి గుట్ట ఎక్కి మళ్లీ వారం దాకా దిగలేదు.

కథ ఇక్కడితో అయిపోవలసింది. కాని ఆ ఏడు ప్రభుత్వానికి ఏకరూపత పట్టుకుంది. అంతకుముందు ఏడు పచ్చదనం, దానికి ముందు ధ్యానం పట్టుకున్నాయి గాని అవి వాటంతట అవే తగ్గాయి. ఏకరూపత మాత్రం ముదిరి జిల్లాకొక ప్రత్యేకాధికారి దాకా వచ్చింది. ఆ జిల్లాకు వచ్చినాయన పేరు విద్యాధర్. ఆయన అప్పటికే బళ్ల గంటలను ఏకరూపం చేసి పేరు తెచ్చుకున్నాడు. ఒక్కో బడిలో గంట ఒక్కోలా మోగడం విని బాధపడి, పాత గంటలన్నీ తీయించి ఒకే రకం గంటలు కట్టించాడు. అవి మోగవు. కాని మోగకపోవడంలో ఒక బడికీ ఇంకో బడికీ తేడా లేదు.

ఆయన రేంజరు ఆఫీసు తనిఖీకి వచ్చిన రోజే దేవదానం అక్కడ కూర్చొని ఉన్నాడు. కూర్చున్నవాడు ఊరుకోక పంది ముచ్చట ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నవాడు పందితో ఆగక గుండు లోతుదాకా పోయాడు. ఫ్యాక్టరీ తూటా రెడీమేడ్ చొక్కా అనీ, తనది కొలత తీసి కుట్టిన చొక్కా అనీ ఆయన వివరిస్తుంటే, ఆపుదామని రేంజరు బల్లకింద ఒక కాలు తొక్కాడు. అది విద్యాధర్ గారి కాలు.

"అంటే ఫ్యాక్టరీ నిర్ణయించిన గుండు ఉపవేశన గాఢతను తమరు స్వాభిరుచి మేరకు సవరిస్తున్నారన్నమాట," అన్నాడు విద్యాధర్, కాలు వెనక్కి తీసుకుంటూ. "ఇందుకు తమకు అధికారం దఖలు పరిచినది ఎవరు?"

"నా రైఫిలే సార్," అన్నాడు దేవదానం.

ఆ జవాబు విద్యాధర్ గారికి నచ్చలేదు. రైఫిలు ఏ శాఖ కిందికీ రాదు. వారం తిరక్కుండానే తూటా ఉపవేశన గాఢతా ప్రమాణీకరణ సంఘం, అంటే గుండు గొట్టంలో ఎంత లోతు కూర్చోవాలో తేల్చే సంఘం, ఏర్పడింది. ఆయనే అధ్యక్షుడు, తప్పించుకోలేక రేంజరు ఒక సభ్యుడు, మిగతా సభ్యులు టీ వచ్చినప్పుడు కనబడేవాళ్లు. దేవదానం చేతి తూటాలు డబ్బాతో సహా సంఘం స్వాధీనంలోకి పోయాయి. వాటికి బదులు ఒక ఫ్యాక్టరీ తూటాల పెట్టె ఇచ్చారు.

ఆ పెట్టెలోని మొదటి తూటా పేలిన సాయంత్రం గుండు పందికి మూరెడు పక్కన గట్టులో దిగింది. దేవదానం అది సందు తప్పు అన్నాడు. రేంజరు అది కళ్లద్దాల తప్పేమోనని నెమ్మదిగా అన్నాడు. నిజమేదో ఆ పందికే తెలియాలి. అది చెప్పకుండా వెళ్లిపోయి, మరునాడు మందను వెంటబెట్టుకొని వచ్చి తూర్పు మూల మేసింది. పడ్డ కర్రలు ఏరుతూ లసుమవ్వ ఏడ్చింది. అది కోపంతో వచ్చిన ఏడుపు. ఆ కోపం పందిమీద కాదు.

సంఘానికి మాత్రం వేరే బెంగ పట్టుకుంది. ప్రమాణం ఎంతో తేల్చడానికి విద్యాధర్ ఫ్యాక్టరీ తూటాలను బల్లమీద నిలబెట్టి కొలిపించాడు. అవీ ఒకదానితో ఒకటి సరిపోలేదు. గుండు ముక్కు మెత్తటి సీసం. పెట్టెలో ఒకదానికొకటి తగిలి కొన్ని ముక్కులు చదునయ్యాయి. ముక్కు కొసనుంచి కొలిస్తే అట్లాగే వస్తుందనీ, గుండు బొద్దుగా ఉన్నచోటునుంచి కొలవాలనీ దేవదానం చెప్పబోయాడు. తమరు విచారణలో ఉన్న వ్యక్తి గనక సలహా ఇవ్వజాలరని విద్యాధర్ ఆయన్ను వరండాలో కూర్చోబెట్టాడు. ఫ్యాక్టరీ అంతటిది కూడా ఏకరూపంగా లేదన్న సంగతి విద్యాధర్‌ను లోలోపల కుదిపేసింది. ఆ పూట అన్నం కూడా ముట్టలేదని అటెండరు యాకూబ్ బయటికొచ్చి చెప్పాడు.

చివరికి ఆయన తేరుకొని ఒక నిర్ణయానికి వచ్చాడు. కొలిచి ఆమోదించిన ప్రతి తూటామీద, గుండూ గొట్టమూ కలిసేచోట, ఇకమీదట ఎవరూ కదపకుండా లక్క ముద్ర వేయాలి. మన దగ్గర దేన్నయినా నమ్మాలంటే దానిమీద లక్క ఉండాలి కదా. యాకూబ్ కొవ్వొత్తి వెలిగించి లక్క కరగబెట్టాడు. మందు నిండిన తూటాల పక్కన కొవ్వొత్తి పెట్టడం గురించి నిబంధనల్లో ఏమీ లేదు గనక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. రేంజరు ఒక్కడే బయట ఏదో పనుందని వెళ్లి, ముద్రలన్నీ ఆరాక వచ్చాడు.

ముద్రలు చక్కగా కుదిరాయి. ఒక్కో తూటా మెడలో శనగగింజంత ఎర్రటి లక్క, దానిమీద శాఖ గుర్తు. ఆ సాయంత్రం మంచెమీద దేవదానం ఒకటి తీసి రైఫిల్లో పెట్టాడు. పట్టలేదు. నెట్టి చూశాడు. లక్క అడ్డం తగిలి బోల్టు మూసుకోలేదు. కిందినుంచి పంది కంకి నమిలే చప్పుడు వస్తోంది. ఆ లక్క గీకేయరాదా అని లసుమవ్వ గుసగుసగా అడిగింది. గీకితే ముద్ర పోతుందనీ, ముద్ర పోయిన తూటా చెల్లదనీ, చెల్లని తూటా కాలిస్తే తన లైసెన్సు పోతుందనీ ఆయన అంతే గుసగుసగా చెప్పాడు. ఇద్దరూ మంచెమీద కూర్చొని పంది భోజనం అయ్యేదాకా విన్నారు.

ఇది లోపమని విద్యాధర్ ఒప్పుకోలేదు. తూటా ప్రమాణబద్ధంగా ఉంది, పట్టకపోవడం రైఫిలు లోపమన్నాడు. రైఫిలు గొంతును లక్క పట్టేంత వెడల్పు చేయించాలని ఒక ప్రతిపాదన కూడా నడిచింది. అంత వెడల్పు చేస్తే అది పేలినప్పుడు షూటరుతోపాటు పక్కనున్న సంఘ సభ్యులకు కూడా ఏకరూపంగా తగులుతుందని రేంజరు మనవి చేశాక విరమించుకున్నారు. ఆ మీదట విద్యాధర్ గారి బుర్రలోంచి అసలైన పరిష్కారం పుట్టింది. ముద్రను చేనులోనే తీయాలి. పంది కంటికి కనబడిన తరువాత, సంఘం యావత్తూ హాజరై ఉండగా, పంచనామా చేసి తీయాలి. తీసేటప్పుడు గుండు కదిలి ఉండవచ్చు గనక మళ్లీ కొలవాలి. కొలిచిన అంకెను అందరికీ వినబడేలా చదవాలి. పంచులు సంతకాలు పెట్టాక కాల్చవచ్చు.

"అందాక పంది ఆగుతదా సార్?" అని రాజలింగు అడిగాడు.

"జంతువు విధివిధానాలకు సహకరించనిచో సదరు విషయం పంచనామాలో నమోదగును," అన్నాడు విద్యాధర్.

మరునాడు పొద్దువాలేసరికి లసుమవ్వ చేనుగట్టు పెళ్లిపందిరి అయిపోయింది. షామియానా దిగింది, ప్లాస్టిక్ కుర్చీలు దిగాయి. కొలత బాగా కనబడాలని ఫ్లడ్‌లైట్లు, వాటికోసం ఒక జనరేటరు దిగాయి. అంకె అందరికీ వినబడాలి గనక మైకు తెచ్చారు. టీకి ఒక స్టవ్వు, లక్కకు ఇంకో స్టవ్వు పెట్టారు. అందరూ పందులకోసం ఎదురుచూశారు. ఊరికే ఎదురుచూడటం ఎందుకని విద్యాధర్ మైకు తీసుకొని ఏకరూపతమీద మాట్లాడుతూ ఎదురుచూశాడు. పంది రాలేదు. పంది కనబడనిదే ముద్ర తీయరాదు, ముద్ర తీయనిదే సమావేశం ముగిసినట్టు కాదు. రేపటికి వాయిదా వేశారు. రేపూ రాలేదు, ఎల్లుండీ రాలేదు.

మొదట్లో లసుమవ్వ వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టుకుంది. గట్టు తొక్కారని, టీ కప్పులు సాళ్లలో పారేశారని, ఆ ఉపన్యాసానికి తన బర్రె పాలు ఎగబట్టిందని తిట్టుకుంది. ఒకనాడు తెల్లవారి కప్పులు ఏరుతూ చేను చుట్టూ తిరిగింది. తడిమట్టిలో ఎక్కడా గిట్ట గుర్తు లేదు. ఒక్క కర్ర పడలేదు. పడమటి గట్టుదాకా పోయి చూసింది, ఉత్తరం గట్టుదాకా పోయి చూసింది. గుట్టకు దగ్గరి సాళ్లలో కూడా కంకులు నిటారుగా నిలబడి ఉన్నాయి. లసుమవ్వ చేతిలో కప్పులు అట్లాగే పట్టుకొని చేను నడుమ నిలబడి నవ్వింది. నవ్వుతూ పోయి, నిన్న సాయంత్రం విద్యాధర్ కూర్చున్న కుర్చీని కొంగుతో తుడిచింది.

ఆ సాయంత్రమే పిడుగు పడింది. పందులు గైర్హాజరు అవుతున్నందున సమావేశాలను నిరవధికంగా వాయిదా వేసి జిల్లా కేంద్రానికి పోదామనుకుంటున్నట్టు విద్యాధర్ ప్రకటించాడు. కంకులింకా పాలమీదే ఉన్నాయి. గింజ గట్టిపడి, విరిచి ఇల్లు చేర్చేదాకా చాలా రోజులు పడుతుంది. లసుమవ్వ కొంగు నడుముకు దోపుకొని, చేతులు కట్టుకొని షామియానా కిందికి పోయింది.

"సారూ, నాదొక అనుమానం. ఎండకు రైలు పట్టా సాగుతదని దేవదానమన్న చెప్తడు. మరి పొద్దుగాల కొల్చిన తూటా పగటీలి గూడ అంతనే ఉంటదా?"

విద్యాధర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన ఉద్యోగ జీవితంలో ఒక పౌరురాలు ఇంత మంచి ప్రశ్న ఎప్పుడూ వేయలేదు. అక్కడికక్కడే ఉష్ణ ప్రభావ ఉపసంఘం ఏర్పడింది. పొద్దునా, మధ్యాహ్నం, పొద్దుగూకే వేళా చేనులోనే కొలవాలని తీర్మానించారు.

ఆ తరువాత లసుమవ్వకు అనుమానాలు వస్తూనే ఉన్నాయి. జీపు కుదుపులకు గుండు జారదా అని ఒకనాడు అడిగింది. తూటాలు ఇకమీదట ప్రయాణం చేయరాదనీ, చేనులోనే దీపం, కాపలా పెట్టి ఉంచాలనీ ఉత్తర్వు వచ్చింది. ముక్కు మీదికి పెట్టినప్పటి కొలత, కిందికి పెట్టినప్పుడు ఉంటుందా అని ఇంకోనాడు అడిగింది. సగం తూటాలను తలకిందులుగా నిలబెట్టి, వాటికి వేరే అధికారిని వేశారు. పున్నమికీ అమావాస్యకీ లోతులో తేడా వస్తుందేమో చూడాలన్న ఆలోచన మాత్రం ఆమెది కాదు. అది విద్యాధర్ గారు సొంతంగా చేశారు.

గింజ గట్టిపడుతున్న రోజుల్లో పైనుంచి ఉత్తర్వు దిగింది. ఖర్చు మితిమీరిందట. చేతి తూటా మేలా, ఫ్యాక్టరీ తూటా మేలా అన్నది కాగితంమీద గురిపెట్టి కాల్పించి, ఎల్లుండిలోగా తేల్చి, సంఘాన్ని ఎత్తేయమన్నారు.

దేవదానం ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లూ వరండాలో కూర్చోబెట్టిన మనిషి. తన తూటా ఏమిటో అందరి కళ్లముందూ చూపించే రోజు వచ్చింది. రేంజరు మాత్రం లసుమవ్వను పక్కకు పిలిచి ఉన్న మాట చెప్పాడు. "ఆయన గెలిస్తే ఫైలు మూస్తరు. ఓడినా మూస్తరు. గెలిస్తే చేతి తూటాకు కొత్త అనుమతి రావాలె, అది వచ్చేటాళ్లకు ఉగాది దాటుతది. ఏదీ తేలకపోతేనే పొడిగిస్తరు."

లసుమవ్వ మంచె దగ్గరికి పోయింది. దేవదానం రైఫిలు తుడుచుకుంటున్నాడు. పాత పతకం ఒకటి చొక్కాజేబులోంచి తొంగిచూస్తోంది. తన చేనుకోసం ఒక మనిషి పరువు అడగడం న్యాయం కాదని ఆమెకు తెలుసు, అయినా అడగకుండా ఉండలేదని కూడా తెలుసు. రేంజరు చెప్పిందంతా చెప్పింది. ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఒక్కపారి ఆ కాయితం మీద చూపెడితే చాలనుకున్న చెల్లె," అన్నాడు. "ఓడుమంటవా?"

"ఓడొద్దన్నా. గెలువొద్దు."

ఆయన చేనువైపు చూశాడు. సూర్యుడు గుట్టమీదికి వాలాడు, మైకులో ఎవరో ఎవరినో టీకి పిలుస్తున్నారు.

"ఓడుడు అల్కటి పని. గెలుసుడు నాకింకా అల్కటి," అన్నాడు. "సమానంగ కొట్టాల్నంటే మాత్రం నా తూటాలే కావాలె." ఆ మాట అని, ఎందుకో తనలో తానే నవ్వుకున్నాడు.

ఎల్లుండి ఊరంతా గట్టుమీద చేరింది. గుట్టను ఆనుకొని రెండు కాగితాలు పక్కపక్కన కట్టారు. కాగితం పందిలా పారిపోదు గనక పంచనామా సావకాశంగా జరిగింది. దేవదానం ముందు ఫ్యాక్టరీ తూటాలు అడిగి, ఎడమ కాగితంమీద ఐదు కాల్చాడు. గుండ్లు చెదిరాయి. ఒకటి పైన మూలకు పోయింది, రెండు దగ్గరదగ్గరగా పడ్డాయి, ఒకటి కిందికి దిగింది, ఒకటి పక్కకు తప్పుకుంది. ఆయన దుర్భిణీ పెట్టి ఆ చిల్లులను చదువుతున్నవాడిలా చూశాడు. అప్పుడు తన చేతి తూటాలు తీసుకొని కుడి కాగితంవైపు తిరిగాడు. ఒక్కో గుండుకూ ముందు మళ్లీ ఎడమ కాగితం చూశాడు, ఊపిరి బిగబట్టాడు, కాల్చాడు. చెమట చుబుకం మీదినుంచి కారుతున్నా తుడుచుకోలేదు. ఆఖరి గుండు పేలాక రైఫిలు కిందపెట్టి అక్కడే కూర్చున్నాడు.

యాకూబ్ కాగితాలు తెచ్చాడు. విద్యాధర్ ఒకదానిమీద ఒకటి పెట్టి ఎండకేసి పట్టుకున్నాడు. చిల్లులన్నిట్లోంచీ వెలుగు సూటిగా వచ్చి ఆయన ముఖంమీద పడింది. పైమూలది పైమూలదానితో, కిందిది కిందిదానితో కలిసిపోయాయి.

"ఏకరూపం," అన్నాడు విద్యాధర్. "ఉభయ తూటాల నడుమ లేశమాత్ర భేదం కూడా లేదు."

రేంజరు కాగితాలవైపు ఒకసారి, దేవదానం వైపు ఒకసారి చూశాడు. "సార్, అవి ఇష్టమున్న తీరు చెదిరిపోయినయి. ఇవి గూడ అచ్చం ఆ తొర్రల్లకే పోయినయంటే, ఈ చేతి తూటాలు ఎంత..." అని మొదలుపెట్టాడు. ఇంతలో లసుమవ్వ ముఖం ఆయన కంటపడింది. "ఎంత ఏకరూపంగ ఉన్నయి సార్," అని ముగించాడు.

తేడా లేదన్నది తేలింది గాని, ఎందుకు లేదన్నది తేలలేదు. అది తేలేదాకా సంఘాన్ని చేనులోనే కొనసాగించాలని విద్యాధర్ పైకి రాశాడు. ఊరివాళ్లు నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు. అన్ని గొప్పలు చెప్పినాయన కొడితే ఫ్యాక్టరీ తూటా కొట్టినట్టే ఉందని ఎవరో గట్టిగానే అన్నారు. దేవదానం విన్నాడు. జేబులో పతకం ఒకసారి తడుముకున్నాడు గాని బయటికి తీయలేదు. ఆ చెయ్యి చూసిన లసుమవ్వ యాకూబ్‌ను అడిగి ఆ రెండు కాగితాలూ ఇంటికి తెచ్చుకుంది.

మక్క చేతికొచ్చింది. కంకులు విరిచి బండికెత్తుతుంటే షామియానా కింద ఇంకా కొలుస్తూనే ఉన్నారు. చేనులో ఏమీ మిగలలేదని రాజలింగు పోయి చెప్పాడు. మక్కకూ సంఘానికీ సంబంధమేమిటని విద్యాధర్ ఆశ్చర్యపోయాడు. రాజలింగు ఆ రోజునుంచి వాచ్‌మన్ మాట ఎత్తలేదు. దేవదానం మక్కగటక తినడానికి ఇంటికొచ్చినప్పుడు, గోడమీద ఒకదానిమీద ఒకటి అంటించిన ఆ కాగితాలు చూశాడు. దగ్గరికిపోయి, కళ్లద్దాలు సర్దుకొని, నాలుగో గుండు వెంట్రుకంత పక్కకు పోయిందని నొచ్చుకున్నాడు.

సంఘం నివేదిక చలికాలంలో బయటికొచ్చింది. ప్రమాణబద్ధ తూటాతో సంఘం చేనులో కూర్చున్న నాటినుంచి ఒక్క పంది కూడా రాలేదు గనక, సరైన గాఢతలో గుండు కూర్చున్న తూటాను పేల్చనవసరమే లేదని అందులో తేల్చారు. విద్యాధర్‌కు సన్మానం జరిగింది. చేతి తూటాకూ ఫ్యాక్టరీ తూటాకూ భేదం లేదని రుజువైనందున, చేతితో చేయడం అనవసర వ్యాపకమని కూడా రాశారు. యాకూబ్ వచ్చి దేవదానం చేతిప్రెస్సుకు గుడ్డ చుట్టి లక్క ముద్ర వేసి పోయాడు. వేసేటప్పుడు ఏమనుకోవద్దని రెండుసార్లు అన్నాడు. దేవదానం ఆ తరువాత ఎవరు కలిసినా పతకాల సంగతి చెప్పడం మానేశాడు. అది లసుమవ్వకు పంది మేసిన చేను కన్నా ఎక్కువ కష్టంగా తోచింది.

మళ్లీ వానలు పడ్డాయి. విత్తనం వేసిన మరునాడే లసుమవ్వ దేవదానాన్ని బలవంతాన వెంటబెట్టుకొని జిల్లా కేంద్రానికి బస్సెక్కింది. ఆయన్ను ఆఫీసు మెట్లమీద కూర్చోబెట్టి తానొక్కతే లోపలికి పోయింది. విద్యాధర్ ఆమెను చూసి లేచి నిలబడ్డంత పని చేశాడు.

"సారూ, నాదొక అనుమానం," అంది. "దేవదానమన్న ప్రెస్సు మీద లక్క ముద్ర ఏసిన్రు గద. అది ఎంత మందం ఉండాలె?"

విద్యాధర్ చేతిలో కలం ఆగింది. జిల్లాలో ఎన్ని ముద్రలు ఎన్ని మందాల్లో ఉన్నాయోనన్న ఊహకే ఆయన ముఖం పాలిపోయింది. మందానికి ప్రమాణమంటూ ఏదీ నిర్ణయించి ఉండలేదని నెమ్మదిగా ఒప్పుకున్నాడు. తక్షణం కొలవవలసి ఉంటుందన్నాడు.

"కొల్వాల్నంటే ఊడదీయాలె గద సారూ?"

"సహజంగా."

"గట్లయితే ఆ ప్రెస్సును మా చేన్లకే తెప్పిస్త. కంకి పాలు పోసుకునే యాళ్లకు షామియానా పట్టుకొని రాండ్రి. మైకు మర్వకుండ్రి," అని చెప్పి, దండం పెట్టి బయటికొచ్చింది.

మెట్లమీద దేవదానం తల వంచుకొని కూర్చున్నాడు. ముద్ర ఊడదీస్తారట అని ఆమె చెబితే తలెత్తి చూశాడు. కొలిచాక మళ్లీ వేస్తారేమోనని అనుమానపడ్డాడు.

"ఏస్తే ఏస్తరన్నా," అంది లసుమవ్వ, ఆయన పక్కన కూర్చుంటూ. "ఎంత మందం ఏయాల్నో తేలేటాళ్లకు నువ్వు డబ్బాడు తూటాలు చేసుకుంటవు, నేను రెండు పంటలు తీస్త."